పిల్లల మీది చేప

ఈ ఉదయం ఏడూ ఇరవైకి మా గేటు ముందు ఒక మోటారుసైకిల్ ఆగింది. దాని మీద వచ్చినతను హెల్మెట్ తియ్యకుండానే ఒక అట్టపెట్టె అందించి, అది నా చేతుల్లో ఉండగానే ఫోనుతో ఫొటో తీసుకుని, వాన మొదలయ్యేలోగా వెళ్ళాలన్నట్టు వెంటనే బండి తిప్పుకున్నాడు. పెట్టె మీద మలయ్, చైనా, ఇంగ్లీషు అక్షరాలు, వాటి కింద ఒక గిన్నె, గిన్నె పక్కన నల్లటి చేప బొమ్మ. లోపల బొటనవేలంత గాజు సీసాలు వరుసగా సర్ది ఉన్నాయి. వాటిలో ఉన్నది కొర్రమీను సారం. మా మేనకోడలు కిందటి వారం ఇక్కడే ఇపోలో ఆపరేషన్‌తో కొడుకును కన్నది. కోత త్వరగా మానుతుందని దాని స్నేహితురాలెవరో తెప్పించి పంపింది.

పెట్టెను మా అప్ప చేతికిచ్చాను. మా ఇళ్ళలో అక్కను అప్ప అంటాం. శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి ఈ మలయ్ దేశానికి వచ్చిన మా పెద్దవాళ్ళ దగ్గర మిగిలిన కొద్ది మాటల్లో అదొకటి. అప్ప ఆ పెట్టెను అటూ ఇటూ తిప్పి చూసింది. ఏదో అడుగుతుందనుకున్నాను. అడగలేదు. సీసాలను ఫ్రిజ్‌లో సర్ది, ఒకటి మాత్రం వేడినీళ్ళ గిన్నెలో నిలబెట్టి, కాస్త వెచ్చబడ్డాక కూతురి గదిలోకి తీసుకెళ్ళింది. నేను వరండాలో కూర్చున్నాను. ఎండల తర్వాత వచ్చే తొలి వానల రోజులివి. కిందటేడు ఈ వానలు ఇంకా మొదలవకముందే మా బావ, అంటే అప్ప భర్త, పోయాడు. ఇలాంటి వాతావరణంలో ఆయనా నేనూ కాలవల వెంట, చెరువుల వెంట గాలాలు పట్టుకుని తిరిగిన రోజుల గురించి రాయాలని చాలాసార్లు అనుకున్నాను. రాస్తే చివరికి ఒకే ఒక చేప దగ్గరికి వెళ్ళి ఆగాల్సి వస్తుందని తెలిసి మానుకుంటూ వచ్చాను.

సముద్రం ఒడ్డున బాగన్ దాతుక్ వైపు కొబ్బరి, పామాయిల్ ఎస్టేటుల్లో పెరిగిన నా ఈడువాళ్ళకు ఈ చేప గురించి చెప్పనక్కర్లేదు. తమిళులు విరాల్ అంటారు, మలయ్‌వాళ్ళు హారువాన్ అంటారు. పాము తలలాంటి తల, ముదురు రంగు వీపు, బురదలో ఉన్నా పైకి వచ్చి గాలి పీల్చుకుని బతికే మొండి ప్రాణం. బాలింతకైనా, ఒంటి మీద కోత పడినవాళ్ళకైనా దాని చారు పెడితే పుండు లోపలి నుంచి మానుతుందని ఇక్కడ అన్ని జాతులవాళ్ళూ నమ్మేవాళ్ళు. ఇప్పుడు సీసాల్లో పోసి అమ్ముతున్నారంటే ఇంకా నమ్ముతూనే ఉన్నారనుకోవాలి.

బావ మా వైపువాడు కాదు. సుంగై సిపుట్‌లో పుట్టి, ఇపోలో మోటారుసైకిళ్ళ వర్క్‌షాపులో పనిచేసేవాడు. వాళ్ళ తాత తెలుగు, నాయనమ్మ తమిళం, ఇంట్లో వినబడేది చాలావరకు తమిళమే. పెళ్ళిచూపులకు వచ్చినప్పుడు మా మామ్మ అడిగిన ప్రతిదానికీ ముందు తమిళంలో నోరు తెరిచి, ఆగి, తెలుగు వెతుక్కుని జవాబు చెప్పేసరికి ఆవిడ ఇంకో ప్రశ్నకు వెళ్ళిపోయేది. మామ్మ అంటే మా నాన్న తల్లి. అమ్మ, నాన్న ముందే పోవడంతో అప్పనూ నన్నూ పెంచింది ఆవిడే. పిల్లవాడికి మాట నిదానం, మనసు మంచిదని తేల్చి పెళ్ళికి ఒప్పుకుంది. బావ నన్ను చివరిదాకా మచ్చాన్ అనే పిలిచాడు. తమిళంలో బావమరిదిని అలా అంటారు. అప్పట్లో నేను మా ఎస్టేటు బడిలో తాత్కాలిక టీచరును, పుస్తకాలు తప్ప వేరే వ్యాపకం లేనివాణ్ణి. నా చేత గాలం పట్టించింది ఆయనే.

ఇపో చుట్టుపక్కల తగరపు గనులు తవ్వి వదిలేసిన గుంటలు నీళ్ళు నిండి చెరువులైపోయాయి. వాటిలో కొర్రమీనుకు అన్నలాంటి తోమాన్ అనే పెద్ద చేప ఉంటుంది. బడి సెలవుల్లో నేను ఇపో వెళ్ళినప్పుడల్లా తెల్లవారుతూనే బావ తన బండి మీద నన్ను అక్కడికి తీసుకుపోయేవాడు. పాత రబ్బరు చెప్పుల అడుగును బ్లేడుతో కప్ప ఆకారంలో చెక్కి, పొట్ట కింద రెండు కొక్కేలు, వెనక నీళ్ళలో గలగలమనే చిన్న రేకు తగిలించేవాడు. దాన్ని దూరంగా విసిరి నీటి మీద గెంతిస్తూ లాగితే, కప్పే అనుకుని చేప కింద నుంచి ఎగిరి పట్టాలి. ఇంట్లో చెప్పులు మాయమైతే అప్ప ముందు ఆయన గాలాల సంచీ వెతికేది.

పట్టాలి అన్నాను గాని, అది పట్టడం మేము చూసింది తక్కువ. తోమాన్‌కైనా కొర్రమీనుకైనా అసలు కాలం తొలి వానలప్పుడే, ఆ రోజుల్లో వాతావరణం ఎప్పుడూ మనిషికి ఎదురే తిరుగుతుంది. ఉదయం గాలి ఉండదు, నీళ్ళు అద్దంలా ఉండి మన నీడకే చేప పారిపోతుంది. గాలి లేస్తే తేలికైన రబ్బరు కప్ప ఎటు పడుతుందో తెలియదు. మధ్యాహ్నం ఉరుములు మొదలైతే మెరుపుకు భయపడి గాలపు రాడ్డు కింద పడేసి, ఏ టీకొట్టు రేకుల కిందో నిలబడాలి. బావకు వాతావరణం మీద సిద్ధాంతాలుండేవి. పెద్దవాన పడ్డ మర్నాడు వద్దు, ఆ మర్నాడు వెళ్ళాలనేవాడు. ఆ మర్నాడు ఇంకో పెద్దవాన పడేది. ఒకసారి తడిసి ముద్దయి, ఒక్క చేపా లేకుండా బండి తోసుకుంటూ వస్తుంటే, ఇంత దూరం వచ్చి ఏటి సాధించినామని విసుక్కున్నాను.

“వాన ఎలా ఉంటాదో చూసినాం లా మచ్చాన్,” అన్నాడు, ఇక్కడివాళ్ళు మాట చివర ఊరికే తగిలించే ఆ ‘లా’తో. “ఇంట్లో ఉంటే సుమ్మా ఊరికే శబ్దం మాత్రమే కదా వింటాం.”

అప్పకు తొలి కాన్పు. పురిటికి ఎస్టేటులోని మా ఇంటికి వచ్చింది. బిడ్డ అడ్డం తిరగడంతో ఆపరేషన్ చేసి తీశారు. ఇంటికి తెచ్చాక బిడ్డ బాగానే ఉంది గాని, అప్ప కోత మానలేదు. ఒక అంచున చెమ్మ ఊరుతూ ఉండేది, సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడేది. మందులు వాడుతూనే ఉన్నాం. మామ్మ మాత్రం కొర్రమీను చారు పడితేనే అది మూసుకుంటుందని మొదటి రోజే చెప్పేసింది, అప్ప కూడా దాని మీదే ఆశ పెట్టుకుంది. బావ వర్క్‌షాపులో సెలవు పెట్టి, రాడ్డు బండికి కట్టుకుని వచ్చేశాడు.

ఇక్కడ మా ఇళ్ళ పద్ధతి ఒకటి చెప్పాలి. ఇప్పటివాళ్ళు ఎవరూ విని ఉండరు. కొర్రమీను పిల్లలు పెట్టేది కూడా సరిగ్గా తొలి వానలప్పుడే. పిల్లలు ఎర్రగా, గుప్పెడు మిరపపొడి నీళ్ళలో చల్లినట్టు, గుంపుగా తేలుతూ తిరుగుతాయి. వాటి కిందే పెద్ద చేప కాపలా ఉంటుంది. ఆ గుంపు మీద ఏది పడినా పెద్ద చేప ఆకలి ఉన్నా లేకపోయినా వచ్చి కరుస్తుంది. ఆ కాలంలో చేపను పట్టడానికి అంతకంటే సులువైన దారి లేదు. కాని పిల్లల మీది నుంచి తీసిన చేప బాలింతకు పెట్టకూడదు. అందుకని బాలింత ఇంటికి చేప తెచ్చిన మగవాడు గుమ్మం బయటే ఆగాలి. ఇంట్లో పెద్ద ఆడమనిషి, ఒంటిదా, పిల్లల మీదదా అని అడుగుతుంది. ఒంటిది అన్నాకనే చేప వంటింట్లోకి వెళ్తుంది. కొన్న చేప పనికిరాదనేది కూడా ఇందుకే. దాని తరఫున గుమ్మంలో జవాబు చెప్పేవాళ్ళు ఎవరూ ఉండరు కదా. మామ్మ ఈ మాటలన్నీ బావను కూర్చోబెట్టి చెప్పింది. ఆయన తల ఊపుతూ విని, బయటికి వచ్చాక నన్ను పక్కకు పిలిచాడు.

“ఏటి మచ్చాన్, మీ ఊళ్ళో మీనుకు కూడా విచారణ ఉందా?”

“ఉంది బావా. నువ్వు ముందు పట్టు, తర్వాత భయపడుదువు గాని.”

“మా గుంటల దగ్గర అందరూ పిల్లల మీదే లా వేస్తారు.”

“మీ గుంటల దగ్గర మా మామ్మ లేదు గదా.”

ఆ వారం పడినంత వాన ఆ ఏడాది మళ్ళీ పడలేదు. ఎస్టేటు కాలవలన్నీ పొంగి, నీళ్ళు పాలెక్కువైన టీ రంగుకు తిరిగాయి. కొబ్బరి మట్టలు, పామ్ గెలల పొట్టు కొట్టుకువచ్చి గాలానికి చుట్టుకునేవి. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు తూములు మూసేసేవాళ్ళు, అప్పుడు నీళ్ళు గట్లెక్కి కాలవ ఎక్కడో, తోట ఎక్కడో తెలిసేది కాదు. తూములు ఎత్తితే అంతా పరుగు. నిలకడ లేని నీళ్ళలో కొర్రమీను పైకి రాదు. బావ రబ్బరు కప్పను వదిలి నిజం కప్పను కట్టి చూశాడు, వానపాములు గుచ్చి చూశాడు, ఇంకేమీ తోచక పక్క లైను ఇళ్ళలోని ముసలాయన దగ్గర వెదురు కర్ర అడిగి తెచ్చి గట్టున పాతి చూశాడు. బడి వదలగానే నేను వెళ్ళి కలిసేవాణ్ణి. ఆయన ఉదయం నుంచి ఏ చెట్టు కింద నిలబడ్డాడో అక్కడే ఉండేవాడు, చొక్కా ఒంటి మీదే ఆరి, మళ్ళీ తడిసేది. ఇంటికి వచ్చాక ఆయన ఖాళీ బకెట్టును గుమ్మం పక్కన చప్పుడు కాకుండా పెట్టేవాడు. అప్ప మంచం మీది నుంచే ఆ చప్పుడు లేకపోవడాన్ని వినేది.

ఒక సాయంత్రం వాన తెరిపి ఇచ్చింది. ఎస్టేటు చివర, పాత తూము దగ్గర, నీళ్ళు కాస్త నిలబడిన మూలలో ఎర్రటి గుంపు కనబడింది. మేమిద్దరం ఒకేసారి చూశాం. పిల్లలు గాలి కోసం పైకి వచ్చి, చినుకులు పడ్డట్టు నీటి మీద చిన్న చిన్న గుండ్రాలు చేసి, మళ్ళీ దిగుతున్నాయి. వాటి వెనక ఒక్కసారి నీళ్ళు బరువుగా కదిలాయి. బావ రాడ్డు ఎత్తాడు. నేను ఆయన ముఖం వైపు చూశాను. ఎత్తిన రాడ్డును కాసేపు అలాగే పట్టుకుని, తర్వాత దారం చుట్టేశాడు.

“పెద్దదే,” అన్నాడు నడుస్తూ. “మీ అప్పకు రెండు పూటలకు వస్తాది.”

ఆ రోజూ ఖాళీ బకెట్టుతోనే ఇంటికి వచ్చాం.

మర్నాడు శనివారం, బడి లేదు. తెల్లవారేసరికి అప్పకు జ్వరం బాగా పెరిగింది. కోత చుట్టూ ఎర్రబడి, ముట్టుకోనిచ్చేది కాదు. మధ్యాహ్నం దాకా చూసి పెద్దాసుపత్రికి తీసుకెళ్దామని, కారు ఉన్న పక్కింటాయనతో నేను మాట్లాడి వచ్చాను. తిరిగి వచ్చేసరికి బావ బండి లేదు. వాన జోరుగా పడుతోంది. బిడ్డ పాలు చాలక ఏడుస్తోంది, మామ్మ దాన్ని భుజాన వేసుకుని వంటింటికీ ముందు గదికీ మధ్య తిరుగుతోంది. మిరియాలు, వెల్లుల్లి నూరి పెట్టి ఉన్నాయి, రోజూ నూరి పెట్టేది.

బండి చప్పుడు వినిపించి నేను బయటికి వచ్చాను. బావ బకెట్టుతో మెట్టు దగ్గర నిలబడ్డాడు. బకెట్టు మీద గోనె కప్పి ఉంది, గోనె కింద నుంచి తోక ఒకసారి టపటపా కొట్టింది. ఆ చప్పుడు అప్పకు కూడా వినబడింది. లోపలి నుంచి, వచ్చిందా అని అడిగింది. మామ్మ బిడ్డను నాకు అందించి, చెంగు సవరించుకుని, గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

“ఒంటిదా, పిల్లల మీదదా బాబూ?”

బావ వాన నీళ్ళు కళ్ళ మీది నుంచి తుడుచుకున్నాడు.

“పిల్లల మీదదే మామ్మా.”

మామ్మ బకెట్టు మీది గోనె వైపు చూసింది. ఆవిడకు వినబడలేదేమో అనుకున్నాను.

“సరిగ్గా సూసుకున్నావా?” అంది నెమ్మదిగా. “వానలో నీళ్ళు మసగ్గా ఉంటాయి గదా. ఒంటిదే అయ్యుంటాది.”

“లేదు మామ్మా. ఎర్రగా కనబడినాయి, నిన్న మచ్చాన్ కూడా చూసినాడు. తెలిసే వేసినాను. దానికి జ్వరం అట్లా ఉంటే ఇంకేటి చేసేది? కానీ మీరు అడిగినాక అబద్ధం ఎలా చెప్పేది?”

“లోపలికి తెచ్చీ మామ్మా,” అంది అప్ప గదిలోంచి. “నాను తింటాను. నాకేటీ అవదు.”

మామ్మ వెనక్కి తిరిగి గది వైపు చూసింది, మళ్ళీ బకెట్టు వైపు చూసింది. అప్పటిదాకా ఆవిడ ముఖంలో అంత నిస్సహాయత నేనెప్పుడూ చూడలేదు.

“నోటంట వచ్చేసినాక ఇంకేటి సేసీది తల్లీ,” అంది.

చేప గడప దాటలేదు. బావ బకెట్టు ఎత్తుకుని బండెక్కాడు. బిడ్డను మామ్మకిచ్చి నేను వెనక కూర్చున్నాను. కొర్రమీను గట్టిది కాబట్టి తూము దాకా బతికే ఉంది. బావ నీళ్ళలోకి మోకాళ్ళ దాకా దిగి, రెండు చేతులతో పట్టుకుని, అదే మూలలో వదిలాడు. అది కాసేపు ఆయన కాళ్ళ దగ్గరే ఉండి, తర్వాత లోతుకు పోయింది. మేము గట్టు మీద నిలబడి చూశాం. ఎర్ర గుంపు ఎక్కడా లేదు. ఆ మధ్యలోనే వేరే చేపలు వచ్చి తినేసి ఉంటాయి, లేదా ప్రవాహం చెదరగొట్టి ఉంటుంది. నిన్నటి గుండ్రాల కోసం నేను నీటి మీద వెతికాను గాని, వానకు నీళ్ళంతా గుండ్రాలే.

మధ్యాహ్నం అప్పను ఆసుపత్రికి తీసుకెళ్ళాం. లోపల చీము పట్టిందని మళ్ళీ కోసి శుభ్రం చెయ్యాల్సి వచ్చింది. చాలా రోజులు అక్కడే ఉంది. ప్రాణానికి భయం లేదన్నారు గాని, మరో కాన్పు వద్దన్నారు. ఆ రోజుల్లోనే పాలు ఎండిపోయాయి, మా మేనకోడలు డబ్బా పాల మీదే పెరిగింది. చేపకూ దీనికీ సంబంధం లేదని నాకు తెలుసు. అప్పటికే లోపల ముదిరిపోయిన దాన్ని ఒక గిన్నెడు చారు ఆపేది కాదు. అప్పకూ తెలుసు. తెలిసినా, ఆ పూట లోపలికి రాని చేప మాత్రం మా ఇంట్లో అలాగే ఉండిపోయింది.

అప్ప ఆసుపత్రిలో ఉండగా ఒక సాయంత్రం మామ్మ, నేను వరండాలో కూర్చున్నాం. బావ అప్ప దగ్గర ఉన్నాడు. మామ్మ తనలో తను మాట్లాడుకుంటున్నట్టు మొదలుపెట్టింది.

“ఒక్క మాట అనేస్తే సరిపోయేది. మీ తాత ఎప్పుడూ అలాగే అనీవోడు. మీ నాన్న మీ అమ్మకి తెచ్చినవీ అవే. తొలి వానల్లో ఒంటి సేప ఎక్కడ దొరుకుతాదిరా?”

నాకు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది.

“మరి నీకు తెలిసే తీసుకునేదానివా?”

“తెలీకేటి? గుడ్లు లేని పొట్ట సూస్తే తెల్దా? మా అత్తా అడిగింది, నానూ అడిగినాను. అడగాల, ఒంటిదే అనాల. అంతే.”

“అది ముందే బావకి సెప్పొచ్చు గదా మామ్మా?”

మామ్మ నా వైపు ఇంత చదువుకున్నావు ఇదేం తెలివిరా అన్నట్టు చూసింది.

“సెప్పేస్తే ఇంక అడగడం ఎందుకురా?”

ఆ మాట మీద నేను ఇన్నేళ్ళుగా ఆలోచిస్తున్నాను. ఆ ప్రశ్నకు జవాబు అక్కర్లేదు, తినబోయే ముందు ఒకసారి ఆగడం కావాలి, ఆ పిల్లల సంగతి ఒకసారి తలుచుకోవడం కావాలి, అందుకోసం పెట్టారేమో అనిపిస్తుంది. కాదేమో కూడా. మామ్మ అలాంటి వివరాలు చెప్పే మనిషి కాదు. మా ఇళ్ళలో పుట్టిన మగవాళ్ళు అది ఎవరూ చెప్పకుండానే ఎప్పుడో ఒకప్పుడు నేర్చుకునేవాళ్ళు. నాకప్పటికి ఆ వయసు రాలేదు. బయటి నుంచి వచ్చిన బావ మాత్రం మా పద్ధతిని మా అందరికంటే నిజంగా తీసుకున్నాడు. ముందు రోజు రాడ్డు దించింది అందుకే, మర్నాడు గుమ్మంలో అబద్ధం ఆడలేకపోయింది కూడా అందుకే. చేప పోయింది, పిల్లలూ పోయాయి.

అప్ప కోలుకుని ఇపో వెళ్ళిపోయింది. నాకు కూడా తర్వాత ఇపోలోనే ఉద్యోగం దొరికింది. బావ చాలా ఏళ్ళు చేపలు పడుతూనే ఉన్నాడు గాని, తొలి వానలు మొదలైతే రాడ్డు అటక మీద పెట్టేసేవాడు. అసలు కాలం అదే కదా అని తోటివాళ్ళు పిలిస్తే, నడుం నొప్పనో, బండి సరిగ్గా లేదనో అనేవాడు. ఆ చిన్న అబద్ధాలు మాత్రం బాగానే ఆడేవాడు. ఎండాకాలంలో నీళ్ళు ఇంకిపోయి, చేపలు అడుగున కదలకుండా ఉన్న రోజుల్లో మేమిద్దరం గనుల గుంటల దగ్గర గంటల తరబడి కూర్చునేవాళ్ళం. ఏమీ పడేది కాదు.

అప్ప మామ్మ ప్రశ్నను ఎగతాళిగా మార్చేసింది. బావ మార్కెట్ నుంచి క్యాబేజీ తెచ్చినా గుమ్మంలో ఆపి, ఒంటిదా, పిల్లల మీదదా అనేది. ఇంటికి వచ్చినవాళ్ళు అర్థం కాకపోయినా నవ్వేవాళ్ళు. బావ కూడా నవ్వేవాడు. ఆ నవ్వు కాలం గడిచేకొద్దీ చిన్నదైంది. అప్ప అది గమనించి మానేసరికి కొన్నేళ్ళు పట్టింది. ఇద్దరూ అన్యోన్యంగానే బతికారు. ఒక్క ఆ విషయం దగ్గర మాత్రం, మెట్ల మీద తడి ఉందని తెలిసినట్టు, ఇద్దరూ చూసి అడుగేసేవాళ్ళు.

గుంటల దగ్గర ఒకసారి బావ నన్ను అడిగాడు.

“మచ్చాన్, ఆ రోజు ఒంటిదే అనుంటే మామ్మ నమ్మేదా?”

మామ్మ అప్పటికి పోయింది. ఆవిడ వరండాలో చెప్పిన మాట నేను బావకు ఎప్పుడూ చెప్పలేదు, చెబితే ఆయనకు ఇంకా కష్టమవుతుందనుకున్నాను. ఆ రోజు చెప్పేశాను.

“నమ్మేది కాదు బావా. లోపలికి మాత్రం తీసుకునేది.”

ఆయన చాలాసేపు దారం చుట్టాడు. రబ్బరు కప్ప ఒడ్డుకు వచ్చి రాయికి తగిలి ఆగింది.

“ఎవరైనా చెప్పుండాలి లా,” అన్నాడు.

ఆ రాడ్డును ఆ తర్వాత వర్క్‌షాపులో ఎవరికో ఇచ్చేశాడు.

కిందటేడు బావకు గుండె ఆపరేషన్ చేశారు. ఇంటికి తెచ్చారు గాని మనిషి తేరుకోలేదు, అన్నం సహించేది కాదు. అప్ప మార్కెట్‌కు వెళ్ళి, ప్లాస్టిక్ తొట్టెలో ఉన్న పెంపకం కొర్రమీనును కొని, మామ్మ పద్ధతిలోనే మిరియాలు, వెల్లుల్లి వేసి చారు కాచింది. నేను ఆ పూట అక్కడే ఉన్నాను. గిన్నె తీసుకుని అప్ప గదిలోకి రాబోతుంటే, బావ దిండు మీది నుంచి తల కొంచెం ఎత్తి, చెయ్యి చూపించి ఆపాడు. ఆయన గొంతు అప్పటికి బాగా తగ్గిపోయింది.

“ఒంటిదా, పిల్లల మీదదా?”

అప్ప గుమ్మంలో ఆగిపోయింది. ఆ చేప ఏ చెరువులో పుట్టిందో, ఏ సంచిలో వచ్చిందో ఆవిడకు తెలియదు, ఆ సంగతి ముగ్గురికీ తెలుసు.

“ఒంటిదే,” అంది.

బావ తల దిండు మీద వాల్చి, రా అన్నట్టు చూశాడు. అప్ప మంచం పక్కన కూర్చుని చెంచాతో పట్టింది. ఆ రోజు గిన్నెలో సగం దాకా తాగాడు. ఆ తర్వాత ఎక్కువ రోజులు లేడు.

వరండా బయట వాన మొదలైంది. లోపల బిడ్డ ఏడుస్తోంది. మేనకోడలు సీసా తాగేసినట్టుంది, అప్ప ఖాళీ సీసాను వంటింట్లో కడుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఎందుకు కడుగుతోందో తెలియదు, పారేసేదే కదా. పెట్టె మీద చేపను పెంచిన కంపెనీ పేరు ఉంది, ఏ తేదీలోపు వాడాలో ఉంది. మా ఎస్టేటు కాలవలకు ఇప్పుడు సిమెంటు గట్లు కట్టారు. నేను ఎవరినైనా గాలం పట్టుకుని చూసి చాలా కాలమైంది. మా మేనకోడలికి తెలుగు అర్థమవుతుంది గాని మాట్లాడదు, తన కొడుకుకు అదీ ఉండకపోవచ్చు.

బాలింత ఇంటికి చేప వస్తే, ఇప్పుడు గుమ్మంలో ఎవరూ ఏమీ అడగరు.